నేను కట్టిన దిష్టిబొమ్మ

నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు చదువు మూడో తరగతితో ఆగిపోయింది. తెలుగులో సంతకం పెడతాను, పెద్దక్షరాలైతే కూడబలుక్కుని చదువుతాను, అంతకు మించి రాదు. ఇందులో దానికి నచ్చనివి కొన్ని వస్తాయి. అవి తీసెయ్యొద్దని ముందే మాట తీసుకున్నాను.

అప్పుడు మేముండే ఈ ఫ్రిస్కో ఊళ్ళో మా అమ్మాయీ అల్లుడూ కట్టించుకునే ఇల్లు లేస్తోంది. ఇక్కడ ఇల్లు కట్టించడమంటే మన దగ్గరలాగా మేస్త్రీని పట్టుకుని ఇసుకా సిమెంటూ మనమే తోలించుకోవడం కాదు. కంపెనీ వాళ్ళు ఒక ఇల్లు కట్టి చూపిస్తారు. అలాంటిదే మాకూ కావాలని సంతకాలు పెడితే వాళ్ళే మనుషుల్ని పెట్టి కడతారు. ముందు చెక్కలతో గూడు లేపుతారు, దానికి అట్టలు కొడతారు, చివర్న బయట ఇటుక అతికిస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఇదేం ఇల్లు, గాలొస్తే లేచిపోతుందనుకున్నాను.

మేముండే అద్దె అపార్ట్‌మెంటు నుంచి అక్కడికి నడిస్తే పావుగంట. మా ఆయన పోయి ఆరేళ్ళు. ఆయన పోయాక నేను ఒక ఇండియన్ స్టోరు వెనక వంటింట్లో కూరలు డబ్బాలకెత్తే పని చేశాను. మోకాళ్ళు పోయాక అదీ మానేశాను. పొద్దున అమ్మాయీ అల్లుడూ ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే ఇంట్లో నా గొంతు వినపడకూడదు, మిక్సీ వేయకూడదు. అందుకని చీర మీద స్వెట్టరు వేసుకుని, బూట్లు తొడుక్కుని, కట్టే ఇంటి దగ్గరకు పోయేదాన్ని.

అక్కడే ఆయన పరిచయం. తలుపులూ చట్రాలూ బిగించే వడ్రంగి. నల్లాయన.

ఈ మాట దగ్గర మా అమ్మాయి చెయ్యి ఆపింది. బ్లాక్ అని చెప్పమ్మా, నల్లాయన ఏంటి, అంది. రెండూ ఒకటే కదా అన్నాను. కాదంది. కాదని నాకూ తెలుసు. మా ఇంట్లో, మా స్టోరులో, మా వాళ్ళందరి నోట్లో ఆ మాట ఎట్లా పలుకుతుందో నాకు తెలుసు. పుట్టింట్లో నన్నూ నల్లపిల్ల అనే పిలిచేవాళ్ళు. పెళ్ళిచూపుల రోజు సున్నిపిండి పెట్టి తోమి తోమి కూర్చోబెట్టారు. ఆ మాట తగిలితే ఎట్లా ఉంటుందో తెలిసిన దాన్నే, ఇక్కడికొచ్చాక అదే మాట ఇంకొకరి మీద వేశాను. అందుకే ఉండనివ్వమన్నాను.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, నెరిసిన గడ్డం, చెవి మీద పెన్సిలు. మొదటి రోజు నన్ను చూసి లోపలికి రాకూడదని చేత్తో చెప్పాడు. నేను రోడ్డు మీదే నిలబడ్డాను. రెండో రోజూ నిలబడ్డాను. మూడో రోజు తన ట్రక్కులోంచి ఇంకో టోపీ, ఆ గట్టి టోపీ, తెచ్చి నా నెత్తిన పెట్టి, ఒక బకెట్టు బోర్లించి, ఇక్కడ కూర్చో, కదలకు, అన్నట్టు వేలు చూపించాడు. అప్పట్నుంచి అదే నా చోటు. పొద్దున నేను కనపడగానే “మార్నింగ్, మామా” అనేవాడు. మా ఊళ్ళో మామా అంటే ఎవర్నంటారో చెప్పే ఇంగ్లీషు నాకు లేదు గాని, నవ్వొచ్చేది. నేను చేగోడీలు తీసుకెళ్ళేదాన్ని. చొక్కా జేబులో పోసుకుని పని చేసుకుంటూనే కరకర నమిలేవాడు. మజ్జిగ ఇస్తే ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మర్యాదగా పక్కన పెట్టాడు.

దేవుడికి ఒక చిన్న చెక్క గూడు కావాలని అడిగాను. సైగలతో. చేతులు జోడించి చూపించి, ఇంత ఎత్తు, ఇంత వెడల్పు అన్నాను. ఆదివారం తీరిక చేసుకుని చేస్తానన్నాడు. కొలతలు పంపించడానికి మా అమ్మాయి ఆయన ఫోను నంబరు తీసుకుంది. ఆయనతో నాకున్న పరిచయం అంతే. స్నేహం అంటే పెద్ద మాటవుతుంది.

ఒకరోజు పైన పెంకులు అంటించే మనిషి కాలు జారి పడ్డాడు. నేను బకెట్టు మీదే ఉన్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. తొడ ఎముక విరిగింది. అంబులెన్సు వచ్చేదాకా ఈ వడ్రంగాయనే అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంతకు వారం ముందే అపార్ట్‌మెంటులో నాతో నడిచే ఆడవాళ్ళు ఆ ఇల్లు చూసి, అబ్బో మూల స్థలమా, రెండంతస్తులా, అని బుగ్గలు నొక్కుకుని పోయారు. అల్లుడి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని కూడా ఆ రోజుల్లోనే వింటున్నాను. నాకు దిగులు పట్టుకుంది. ఇంత ఇల్లు లేస్తోంది, గుమ్మం ముందు ఒక దిష్టిబొమ్మ లేదు. మన దగ్గర కట్టే ఇంటికి అది కట్టకుండా గోడ లేపుతారా? ఇంటికోసం ఒక్కటే కాదు, అక్కడ పనిచేసే వాళ్ళ కాళ్ళూ చేతులూ బాగుండాలనే అనుకున్నాను. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఆదివారం సైటులో ఎవరూ ఉండరు. అమ్మాయీ అల్లుడూ గుడికి పోయారు. నేను అల్లుడి పాత జీన్సు ప్యాంటు, నీలం చొక్కా తీసుకున్నాను. గడ్డి దొరకలేదు, పాత దిండ్లు రెండు విప్పి దూది కూరాను. కుండ లేదు. కరివేపాకు మొక్క తెచ్చిన నల్ల ప్లాస్టిక్ కుండీ ఉంది, దాన్ని బోర్లించి తల చేశాను. సున్నంతో కళ్ళు, పళ్ళు పెట్టాను. అమ్మాయి లిప్‌స్టిక్కుతో నాలుక గీశాను. వికారంగా ఉంటేనే కదా చూసేవాళ్ళ కళ్ళు దాని మీదికి పోయేది. సంచిలో పెట్టుకుని పోయి, ఇటుకల దొంతర మీదికెక్కి, వరండా దూలానికి బట్టలారేసే తాడుతో కట్టాను. కుండీ ఊడిపోకుండా మెడకు రెండు చుట్లు చుట్టి ముడేశాను. మోకాళ్ళు ఒకటే నొప్పి. దిగి, కాస్త దూరం నడిచి, వెనక్కి తిరిగి చూసుకున్నాను. బాగా కుదిరిందనుకున్నాను.

సాయంత్రం అల్లుడు చూసి నవ్వాడు. ఆయనది వరంగల్ దగ్గర. “అత్తమ్మా, ఫ్రిస్కోల దిష్టిబొమ్మ కట్టిన మొదటి మనిషివి నువ్వే” అన్నాడు. నవ్వొచ్చినప్పుడు నన్ను నువ్వంటాడు, మిగతాప్పుడు మీరు. ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపించాడు. ఆమె కూడా మెచ్చుకుందట. అమ్మాయి గుడి నుంచి వచ్చాక తలనొప్పని పడుకుంది, చూడలేదు.

సోమవారం వాన. నేను పోలేదు. మంగళవారం పోయేసరికి బొమ్మ లేదు. ఆయన ట్రక్కూ లేదు. ఎవరో కొత్త మనిషి తలుపులు బిగిస్తున్నాడు. నా బకెట్టులో రంగు కలుపుకున్నారు. ఆయనేడి అని చెవి మీద పెన్సిలు పెట్టినట్టు చూపించాను. భుజాలెగరేశాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అల్లుడు చెప్పాడు. సైటు మేనేజరు ఫోన్ చేశాడట. మీ ఇంటి ముందు ఒక గలీజు పని జరిగింది, క్షమించమన్నాడట. తలుపుల పని చేసే మనిషి వరండాలో ఒక బొమ్మకు ఉరి వేశాడని, తనే ఆ పని చేసి, తననెవరో అవమానించారని గొడవ చేసి డబ్బు గుంజడానికి చూశాడని, సోమవారం పొద్దున పనిముట్లు దించకుండానే వెళ్ళిపోయాడని, అతన్ని పనిలోంచి తీయించామని. అల్లుడు ఇదంతా పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు.

“మరి నువ్వేమన్నావు?” అని అమ్మాయి అడిగింది.

“ఏమంట? ఓకే అన్న.”

నాకు సగమే అర్థమైంది. నా బొమ్మకు ఉరేంటి? ఆయన వేయడమేంటి? అది నేను కట్టిందని చెప్పొచ్చు కదా, అయిపోయేది కదా అన్నాను. అప్పుడు అమ్మాయి ఫోటో చూపించమంది. అల్లుడు చూపించాడు. అది వేళ్ళతో ఫోటో పెద్దది చేసి చూసింది.

“అమ్మా, మెడకెందుకు కట్టావు?”

“మెడకు కాక ఎక్కడ కడతారే?”

అది పదేళ్ళప్పుడు ఇక్కడికొచ్చింది. ఇక్కడి బడిలో చదివింది. ఆ రాత్రి అన్నం పళ్ళేలు అలాగే ఎండిపోతుంటే, అది నాకు చెప్పింది. ఈ దేశంలో నల్లవాళ్ళను చెట్లకు ఉరేసి చంపేవాళ్ళట. ఏదో పాత రాజుల కాలంలో కాదు. అట్లా చంపడం చూసినవాళ్ళు మొన్నమొన్నటిదాకా బతికే ఉన్నారట. చూడ్డానికి జనం పిల్లల్నేసుకుని వచ్చేవాళ్ళట. ఇప్పటికీ ఎవరినైనా బెదిరించాలంటే వాళ్ళు పనిచేసే చోట ఉత్త తాడు ముడేసి వేలాడదీస్తారట, అదొక్కటి చాలట. “నువ్వు తాడు ఒక్కటే కాదమ్మా, మనిషిని కూడా కట్టావు. నల్ల మొహం పెట్టి, పనోళ్ళ బట్టలేసి.”

నాకు తెలీదే అన్నాను. తెలీదని నాకు తెలుసు అంది. అంతే. దాని గొంతులో కోపం ఉంటే బాగుండేది.

నేను రేపు పోయి చెబుతానన్నాను. అల్లుడు వెంటనే మీరులోకి వచ్చాడు. “అత్తమ్మా, మీరు తొందరపడొద్దు. క్లోజింగ్‌కి, అదే ఇల్లు మన పేర రాసిచ్చేదానికి, మూడు వారాలే ఉంది. కాంట్రాక్టులో ఏదో ఒకటి చూపించి క్యాన్సిల్ చేస్తే మనం ఎక్కడ పోతం? నా ఉద్యోగమే ఊగుతున్నది. ఆయనకు ఇంకో సైటు దొరుకుతది. వాళ్ళకు ఇవన్నీ అలవాటే.”

ఆ చివరి మాటకు నేనేమీ అనలేదు. అల్లుడు చెడ్డవాడు కాదు. ఆ మాట నేనూ అనగలిగిన మాటే, అందుకే అనలేదు.

మా ఆయన బతికున్నప్పుడు ఒక పెట్రోలు బంకు దుకాణంలో కౌంటరు దగ్గర చేసేవాడు. మన పని మనం సరిగ్గా చేసుకుంటే మనల్నెవరూ ఏమీ అనరు అన్నది ఆయన మాట. ఆ మాట పట్టుకునే పదహారేళ్ళు నిలబడ్డాడు. ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చున్నాడు. ఏమైందంటే, దుకాణానికి ఒక పెద్దాయన వచ్చాడట, చేతికర్రతో, నల్లాయనే. ఓనరు మా ఆయనకు అలాంటివాళ్ళు వస్తే సంచీ చూడమని ఎప్పుడో చెప్పి పెట్టాడు. మా ఆయన అడిగాడు. పెద్దాయన ఏమీ అనకుండా సంచీ కౌంటరు మీద బోర్లించాడట. మందు సీసాలు, కళ్ళజోడు, ఒక జత సాక్సులు. మళ్ళీ ఒక్కొక్కటే సర్దుకుని పోయాడట. “ఓనరు చూడమన్నాడు, నేను చూశాను” అన్నాడు మా ఆయన. నేనేమన్నానో చెబుతాను. మంచి పని చేశావు, లేకపోతే నీ ఉద్యోగానికే వచ్చేది, అన్నాను. అన్నం వడ్డించాను. ఆయన తిన్నాడు.

తెల్లవారాక వాళ్ళిద్దరూ తలుపులేసుకుని మీటింగుల్లో కూర్చున్నప్పుడు నేను బూట్లు వేసుకున్నాను. ఆ వీధి మొదట్లో చూపించడానికి కట్టిన ఇల్లుంది, అదే ఆఫీసు. మేనేజరు ఎర్రగా, లావుగా, నవ్వుమొహంతో ఉంటాడు. నా ఇంగ్లీషు స్టోరు వంటింట్లో నేర్చుకున్నది. మూత పెట్టు, వేడి, అయిపోయింది, ఇంకా కావాలి, ఇవే మాటలు. “డాల్. ఐ టై. మై హ్యాండ్” అన్నాను. చెయ్యి ఎత్తి చూపించాను. ఆయనకు అర్థం కాలేదు. “నాట్ దట్ మ్యాన్. మీ” అన్నాను. నన్ను కూర్చోబెట్టి అల్లుడికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టాడు.

మీ అత్తగారు వచ్చారు, ఏదో డాల్ అంటున్నారు, అన్నాడు. అవతల చప్పుడు లేదు. నేను ఆ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అల్లుడు ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు, పెద్దామె మతిమరుపు అని చెప్పొచ్చు. నేను కాదనే ఇంగ్లీషు కూడా నా దగ్గర లేదు.

“ఎస్” అన్నాడు అల్లుడు. ఆ తర్వాత గబగబా చాలా చెప్పాడు. ఆవిడే కట్టింది, మా ఆచారం, నా దగ్గర ఫోటో ఉంది, ఆదివారం తీసింది, పంపిస్తాను, నిన్న నేను చెప్పకపోవడం తప్పే. ఇవన్నీ చెప్పాడని తర్వాత తెలిసింది.

నేను తిట్లకు సిద్ధమై కూర్చున్నాను. మేనేజరు పగలబడి నవ్వాడు. చేను కాపలాకు పెట్టే బొమ్మలాంటిదా, ఎంత బాగుంది, మీ సంప్రదాయాలంటే మాకు గౌరవం, ఏమీ అనుకోకండి, అన్నాడు. లేచి నాకు చల్లటి నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. భుజం తట్టాడు. అంతా కలిపి అయిదు నిమిషాలు పట్టిందో లేదో.

“దట్ మ్యాన్. కాల్” అన్నాను. నవ్వు కాస్త తగ్గింది. అది అతనికీ తలుపుల కాంట్రాక్టరుకీ మధ్య విషయం, మా చేతుల్లో లేదు, ఎలాగూ ఆ మనిషి తీరు మాకు మొదట్నుంచీ నచ్చలేదు, అని అల్లుడితో ఫోనులో చెప్పాడు.

నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని నడిచి ఇంటికొచ్చాను. ఎండ లేదు, ఏమీ లేదు, అయినా దారిలో రెండుసార్లు ఆగాను. నేను తప్పు ఒప్పుకోవడానికి పోయాను. తప్పు ఒప్పుకుంటే ఏదో ఒకటి మీద పడాలి కదా. పడలేదు. నేను కట్టానంటే నవ్వారు. ఆయన కట్టలేదు, అయినా పని తీసేశారు. ఎవరు కట్టారని ఒక్కరిని అడిగి ఉంటే తెలిసిపోయేది. అడక్కుండానే వాళ్ళకు జవాబు తెలుసు. ఆ జవాబు నా బొమ్మ కంటే ముందు నుంచే ఆ ఆఫీసులో ఉంది. అట్లాగని తాడు వాళ్ళు కట్టలేదు, నేను కట్టాను. తప్పంతా నాదేనని గుండెలు బాదుకుంటే ఆఫీసు వాళ్ళు హాయిగా ఉంటారు. ఈ దేశమే ఇంత అని కూర్చుంటే నేను హాయిగా ఉంటాను. మధ్యలో ఆయన ఇంటి దగ్గర పని లేకుండా ఉన్నాడు. నాకు అంతవరకే తోచింది, ఇప్పటికీ అంతవరకే.

అమ్మాయి ఆయనకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది. నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు ఒక అడ్రసు, టైము వచ్చాయి. ఇంకేమీ రాయలేదు. అమ్మాయి ఆ నాలుగు రోజుల్లో ఒక ఉత్తరం తయారు చేసి ప్రింటు తీసి పెట్టింది. చక్కగా పేజీ నిండా ఉంది. దిష్టి అంటే ఏంటి, మా ఊళ్ళలో ఎందుకు కడతారు, మా అమ్మ ఎలాంటిది, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే ఎంత బాధపడుతున్నామో, అన్నీ రాసింది. నాకు చదివి వినిపిస్తే నేనే కళ్ళు తుడుచుకున్నాను.

అది వేరే ఊళ్ళో ఒక పాత షాపింగు కాంప్లెక్సు. వెనకవైపు పాడైన తలుపులు మారుస్తున్నారు. రోజు కూలీ పని. ఆయన ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని శాండ్విచ్ తింటున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, తినడం మానలేదు. నేను ఎదురుగా నిలబడ్డాను. ముందు ఆయనే మాట్లాడాడు, అమ్మాయి పక్కన నిలబడి నాకు తెలుగులో చెబుతూ వచ్చింది.

ముప్పై ఏళ్ళుగా తలుపులు పెడుతున్నాడట. అంతకు ముందు ఒకసారి ఇంకో సైటులో తాడు చూశాడట, బొమ్మ లేకుండా. “సోమవారం దాన్ని చూసినప్పుడు ఎవరు కట్టారా అని ఆలోచించలేదు. నా ట్రక్కు వెనక ఎవరైనా బండి అడ్డం పెట్టారా అని చూసుకున్నాను. బయటికి పోవడానికి దారి ఉందా లేదా అని.” ఇది చెప్పేటప్పుడు అమ్మాయి మధ్యలో ఆగిపోయింది. ఆయన అది పూర్తిచేసేదాకా ఓపిగ్గా చూశాడు.

“మీకు తగలకుండా ఉండాలనే కట్టాను” అన్నాను. “ఆయన పడ్డాడు కదా పైనుంచి, అందుకని. నాకు తెలీదు.”

అమ్మాయి చెప్పింది. ఆయన తలూపాడు. నమ్ముతున్నానన్నాడు. దాంతో నాకేం పని లేదు అని కూడా అన్నాడు, మెల్లగా, కోపం లేకుండా.

అమ్మాయి ఉత్తరం ఇచ్చింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుని తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదివాడు. మడిచి తిరిగి ఇచ్చేశాడు.

“బాగా రాశావమ్మా. ఇందులో నేనెక్కడున్నాను?”

అమ్మాయి మళ్ళీ విప్పి చూసింది. నిజంగానే వెతికింది. పేజీ నిండా మేమే ఉన్నాం.

కాంట్రాక్టరు దగ్గర తన పేరు పక్కన ఒక మాట రాసి పెట్టారట, ఆ మాట ఉన్నన్నాళ్ళూ ఏ కంపెనీ సైటులోకీ తనను రానివ్వరట. దానికి ఎదురు ఒక కాగితం కావాలన్నాడు. క్షమాపణ కాదు, జరిగింది చెప్పే కాగితం. వెనకవైపు ఖాళీగా ఉంది కదా, అక్కడే రాయండి అన్నాడు. చెవి మీద పెన్సిలు తీయబోయి, కాదని, ట్రక్కులోంచి పెన్ను తెచ్చాడు.

నేను చెప్పాను, అమ్మాయి ట్రక్కు మీద కాగితం పెట్టి ఇంగ్లీషులో రాసింది. ఆ బొమ్మ ఆదివారం నేను ఒక్కదాన్నే కట్టాను. ఆయనకు దాంతో ఏ సంబంధమూ లేదు, ఆయనకు చెప్పనూ లేదు. సోమవారం ఆయన దాన్ని చూసి వెళ్ళిపోయాడు, అట్లాంటిది చూస్తే ఎవరైనా వెళ్ళిపోతారు. అక్కడికి అమ్మాయి చుక్క పెట్టింది.

“ఇంకోటి రాయి” అన్నాను. “ఆఫీసులో నేను కట్టానని చెబితే అయిదు నిమిషాల్లో నమ్మారు, నవ్వారు, నీళ్ళిచ్చారు. ఆయన్ని మాత్రం కట్టావా అని అడగనే లేదు. ఇది రాయి.”

అమ్మాయి పెన్ను పైకెత్తింది. “అది అవసరమా అమ్మా? ఈ కాగితం ఆ కంపెనీ వాళ్ళ దగ్గరికే పోతుంది. ఇంకా క్లోజింగ్ అవలేదు.”

“తెలుసు.”

“ఇల్లు పోతే?”

అది నా ఇల్లు కాదు. అందులో ఒక్క ఇటుక నా కష్టంతో వచ్చింది కాదు. కూతురి ఇంటిని పణంగా పెట్టే హక్కు నాకెవరిచ్చారు? ఆ మాట అల్లుడు అడిగితే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. అయినా నేను చూసింది అదే, ఆ గదిలో కూర్చుని నా రెండు కళ్ళతో చూసింది. “మీ నాన్నకు ఆ రోజు నేను అన్నం వడ్డించాను” అన్నాను. దానికి ఆ సంగతి తెలీదు, తర్వాత కారులో చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసింది. వంగి రాసింది.

కింద తెలుగులో సంతకం పెట్టాను. చివరి అక్షరం కిందికి జారింది. ఆయన కాగితం తీసుకుని చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి దాన్నొక్కదాన్నే చదివాడు. ట్రక్కు ముందు సీటు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. లావుగా ఉంది, రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి ఉంది. ఏంటవన్నీ అని అమ్మాయి అడిగింది. తను చేయనివి చేయలేదని ఎవరెవరో రాసిచ్చిన కాగితాలట. కొన్ని పాతబడి పసుపు రంగుకు తిరిగాయి. మాది అందులో దోపాడు. లంచ్ అయిపోయింది, పని ఉంది, అని లేచాడు.

క్లోజింగ్ జరిగింది. ఎవరూ ఏమీ అనలేదు, ఇల్లు పోలేదు. మేనేజరు పూల బుట్ట కూడా పంపించాడు. ఆ కాగితం వాళ్ళు చదివారో, చదివి పక్కన పడేశారో మాకు తెలీదు. అల్లుడు నెల రోజులు నాతో మీరు, మీరు అనే మాట్లాడాడు.

ఎండలు ముదిరాక అమ్మాయి ఆ వడ్రంగాయనకు ఒక మెసేజ్ పెట్టింది. అదే రోజు జవాబొచ్చింది. కాంట్రాక్టరు ఆయన పేరు పక్కన మాట కొట్టేశాడట. పనికి మాత్రం ఇంతవరకు పిలవలేదట.